చిల్లంగి కథలు రాసేవాళ్ళకు: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్ళు చిల్లంగి, చేతబడి, డాహాణి (ఒడియాలో మంత్రగత్తె) అన్న మాటల్ని కథల్లో నేర్చుకోలేదు. వీధిలో ఎవరో ఒకరి మీద ఆ మాట పడుతూనే ఉంటుంది. ఇలాంటి చోట దేవీ ఉపాసన చేస్తూ మంత్రతంత్రాల చుట్టూ నేరకథలు రాసేవాళ్ళు రెండు విషయాల్లో తప్పకూడదు. ఒకటి మంత్రక్రియ, రెండోది చావుకు కారణం. క్రియ తప్పితే తెలిసినవాళ్ళు పుస్తకం పక్కన పెడతారు. కారణం తప్పితే ఏ వితంతువు గుమ్మం ముందుకో ఊరు కదిలి వస్తుంది.

అపోహ: అమావాస్య రాత్రి శ్మశానంలో కూర్చుంటే తెల్లారేసరికి మంత్రం సిద్ధిస్తుంది.

వాస్తవం: మంత్రానికి పురశ్చరణ, అంటే సిద్ధి కోసం నియమంతో చేసే జపహోమాల దీక్ష ఉంటుంది, దానికి లెక్క ఉంటుంది. ఎక్కువమంది పాటించేది అక్షరలక్ష, అంటే మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం. చండీ నవార్ణ మంత్రానికి 9 అక్షరాలు కాబట్టి 9 లక్షలు. అందులో పదో వంతు హోమం, అంటే 90,000 ఆహుతులు. హోమంలో పదో వంతు తర్పణం 9,000, అందులో పదో వంతు మార్జనం (మంత్రంతో నీళ్ళు చల్లుకోవడం) 900, చివర 90 మందికి భోజనం. కొన్ని కల్పాల్లో సంఖ్య తగ్గుతుంది. గురువు ఏది చెబితే అదే లెక్క. మాలలో పూసలు 108 ఉన్నా జపం 100గానే లెక్కిస్తారు, మిగిలిన ఎనిమిదీ పొరపాట్ల కింద పోతాయి. రోజుకు 20 మాలలు తిప్పితే 2,000. 9 లక్షలకు 450 రోజులు. హోమంలో ఆహుతికి 5 సెకన్లు వేసుకున్నా ఒక్కడికి 125 గంటలు. కథలో ఒక్కడే కూర్చుని రాత్రికి రాత్రి ముగించాడంటే లెక్క తెలిసిన పాఠకుడు నమ్మడు.

కథకుడికి ఇందులో మంచి సరుకుంది. పురశ్చరణలో రోజువారీ సంఖ్య పెరగకూడదు, తగ్గకూడదు. అదే చోటు, అదే ఆసనం, అదే వేళ, నేల మీద పడక, హవిష్యాన్నం. ఒక రోజు తప్పితే మళ్ళీ మొదటి నుంచి. అంటే ఏడాదికి పైగా ఆ మనిషి ఏ వేళకు ఎక్కడ కూర్చుంటాడో చుట్టుపక్కల అందరికీ తెలుసు. అతన్ని చంపాలనుకున్నవాడికీ తెలుసు. అతని మీద నింద పడితే అదే నియమం అతనికి సాక్ష్యం కూడా అవుతుంది.

ఒక్క హెచ్చరిక. గురుముఖంగా తీసుకోవలసిన మంత్రాన్ని కథలో పూర్తిగా అచ్చు వేయకండి. పేరు చెబితే చాలు, కథకు ఏ లోటూ రాదు.

అపోహ: తిథి చీటీ దొరికితే తేదీ దొరికినట్టే.

వాస్తవం: సరిహద్దులో దర్యాప్తు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పాంజిలో పున్నమితో ముగుస్తుంది. శుక్లపక్షానికి రెండింటిలోనూ నెల పేరు ఒకటే, కృష్ణపక్షానికి మాత్రం మారుతుంది. మనకు దీపావళి ఆశ్వయుజ బహుళ అమావాస్య, పాంజిలో అదే రోజు కార్తిక అమావాస్య. గుణియా (ఊరి మంత్రగాడు) ఇంట్లో ‘కార్తిక కృష్ణ చతుర్దశి’ అని రాసిన కాగితం దొరికితే అది మన నరక చతుర్దశి రోజు. తెలుగు పంచాంగం పట్టుకున్న ఇన్‌స్పెక్టర్ నెల ఆలస్యంగా కాపు కాస్తాడు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో కథ పెడితే ఈ చిక్కు ఉండదు, మరాఠీ పంచాంగంలోనూ నెల అమావాస్యతోనే ముగుస్తుంది.

తిథి అర్ధరాత్రికి మారదని కూడా గుర్తుంచుకోవాలి. పగలైనా రాత్రయినా ఏ వేళకైనా మారవచ్చు. అందుకని చీటీలో తిథితో పాటు వారం కూడా రాయించండి.

అమావాస్య రాత్రి వెన్నెల్లో నీడలు రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ రోజు చంద్రుడు సూర్యుడితో పాటే ఉదయించి సూర్యుడితోనే అస్తమిస్తాడు. కృష్ణ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో, చతుర్దశి చంద్రుడు తెల్లవారుజామున ఉదయిస్తారు.

అపోహ: నిమ్మకాయ కోస్తే నెత్తురు వచ్చిందంటే ప్రయోగం జరిగినట్టే.

వాస్తవం: కత్తికి ముందుగా మందార రేకలు రుద్ది ఆరబెడతారు. నిమ్మ పులుపు తగలగానే ఆ రంగు ఎర్రబడుతుంది. పసుపునీళ్ళలో సున్నం కలిపినా ఎరుపే, దాంట్లో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. దానంతట అదే రాజుకున్న మంట వెనక చాలాసార్లు పొటాషియం పర్మాంగనేట్, గ్లిజరిన్ ఉంటాయి. రెండూ కలిసిన వెంటనే మంట రాదు, కాస్త వ్యవధి పడుతుంది. చలిలో గ్లిజరిన్ చిక్కబడి ఇంకా ఆలస్యమవుతుంది. గారడీవాడు తడబడేదీ, డిటెక్టివ్ పట్టుకునేదీ ఆ వ్యవధిలోనే. మంట ఆరాక నేల మీద గోధుమ నలుపు మరక మిగులుతుంది.

అపోహ: ఒంటి మీద గాయం లేని చావు మంత్రంతోనే.

వాస్తవం: ఈ కొండ జిల్లాల్లో అలాంటి చావుకు మొదట అనుమానించవలసింది కట్లపామును. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రిపూట కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి తక్కువ, వాపు దాదాపు ఉండదు. కరిచినట్టే తెలియక మనిషి నిద్రపోతాడు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఆపైన ఊపిరి ఆగడం. రెప్పలు వాలి మాట పడిపోయిన మనిషిని చూసి ‘నోరు కట్టేశారు’ అంటారు. ఆసుపత్రిలో అయితే విషవిరుగుడు మందు 8 నుంచి 10 వయల్స్ సెలైన్‌లో కలిపి గంట సేపట్లో ఎక్కిస్తారు. కట్లపాము కాటుకు అది ఒక్కటే చాలకపోవచ్చు, తరచూ వెంటిలేటర్ కూడా కావాలి. వెంటిలేటర్ లేని చిన్న ఆసుపత్రికీ, జిల్లా కేంద్రానికీ మధ్య ఉన్న ఘాట్ రోడ్డే మీ కథలో ఉత్కంఠ కావచ్చు.

రెండోది ఉమ్మెత్త. గింజలు కడుపులో పడిన అరగంట, గంటలో నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, ఒళ్ళు కాలుతుంది గానీ చెమట పట్టదు. లేని మనుషులతో మాట్లాడతాడు, గాల్లో దారాలు లాగుతున్నట్టు వేళ్ళు కదిపి బట్టలు పీక్కుంటాడు. ఊరు దీన్నే దయ్యం పట్టడం అంటుంది. పోస్టుమార్టంలో మిరపగింజలనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. మిరపగింజ లేతపసుపుగా, నునుపుగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ గోధుమరంగులో, మూత్రపిండం ఆకారంలో, సన్నని గుంటలతో ఉంటుంది. లోపలి అవయవాలను పరీక్షకు పంపేటప్పుడు ఉప్పు ఇక కరగదన్నంత వరకు కలిపిన నీళ్ళలో వేసి సీసాకు సీలు వేస్తారు. ఈ ఒక్క వాక్యం మీ డాక్టరు పాత్రను నిలబెడుతుంది.

ఇక జబ్బులు. మెదడుకు ఎక్కిన మలేరియాలో జ్వరం, ఫిట్స్, పలవరింత కనిపిస్తాయి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లలకు చలికో ఒంట్లో నీరు తగ్గినందుకో ఎముకల్లో భరించలేని నొప్పి వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుంది. కోరాపుట్, రాయగడ, గడ్చిరోలి ఏజెన్సీ పల్లెల్లో ఈ రెండూ తెలిసిన జబ్బులే. విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి ‘ఎవరో తిరగతోడుతున్నారు’ అన్న అనుమానం ఎముక నొప్పికే ఎక్కువగా అంటుకుంటుంది. రెండు రోజుల తర్వాత బయటపడ్డ శవం ముక్కు, నోటి నుంచి కారే ఎర్రని ద్రవం కుళ్ళడం వల్ల వచ్చేదే. దాన్ని నెత్తురు కక్కడం అని రాయొద్దు.

అపోహ: మారణం గ్రంథాల్లోనే ఉంది, కాబట్టి కథలో మంత్రంతో చంపించవచ్చు.

వాస్తవం: గ్రంథాల్లో ఉన్న మాట నిజం. శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అనే షట్కర్మలకు మహీధరుడి మంత్రమహోదధి 25వ తరంగం దిక్కులతో సహా లెక్క చెబుతుంది. శాంతికి ఈశాన్యం, వశ్యానికి ఉత్తరం, స్తంభనకు తూర్పు, విద్వేషణకు నైరుతి, ఉచ్చాటనకు వాయవ్యం, మారణానికి ఆగ్నేయం. ఏ దిక్కుకు ఆసనం వేశారో చూసి మీ డిటెక్టివ్ కర్త ఉద్దేశం చదవగలడు. కానీ నేరకథలో మారణ ప్రయోగం చంపాలన్న ఉద్దేశానికి ఆధారం మాత్రమే, చావుకు కారణం కాదు. ఒకడు డబ్బిచ్చి మారణం చేయించాడు. పక్షం గడిచింది, పగవాడు బతికే ఉన్నాడు. ఇప్పుడు ఆ డబ్బిచ్చినవాడు ఏం చేస్తాడు? కథ అక్కడ మొదలవుతుంది. ప్రయోగం జరిగిన తేదీకీ, విషం కొన్న తేదీకీ మధ్య రోజులను వెతకమనండి.

అపోహ: ఊరి చివర ఒంటరి ముసలమ్మే మంత్రగత్తె.

వాస్తవం: ఈ పాత్రను మానేయండి. నింద తరచూ పడేది భూమి ఉండి, మగ దిక్కు లేని ఆడవాళ్ళ మీద. కాబట్టి నింద మొదట ఎవరి నోట వచ్చింది, ఆ చెక్క భూమి పక్క గట్టు ఎవరిది అన్నవి దర్యాప్తులో మొదటి ప్రశ్నలు కావాలి. ఒడిశాలో 2013 నాటి చట్టం ప్రకారం ఒక స్త్రీని డాహాణి అని గుర్తించడం, నిందించడం కూడా నేరమే, కొట్టేదాకా ఆగనక్కర్లేదు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో హత్య చేసిన కొద్ది రోజులకే చేతబడి నిరోధక ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. శిక్ష 6 నెలల నుంచి 7 ఏళ్ళు, జరిమానా 5,000 నుంచి 50,000 రూపాయలు. దయ్యం వదిలిస్తామని మిరపకాయల పొగ పెట్టడం, పాము కరిచినవాడిని ఆసుపత్రికి వెళ్ళనీయక మంత్రం వేయడం ఆ చట్టం పట్టికలో ఉన్నాయి. ఎవరికీ హాని చేయకుండా ఇంట్లోనో గుడిలోనో చేసే పూజకు అది అడ్డు రాదు. ఉపాసన చేసేవాళ్ళు ఈ చట్టానికి భయపడనక్కర్లేదు, అండగా నిలబడాలి.

ముఖచిత్రం వేసేవాళ్ళకు: అయిదు మొనల నక్షత్రం పడమటి దేశాల మాంత్రికులది. శ్రీచక్రం వేయాలంటే పైకి చూసే త్రికోణాలు 4, కిందికి చూసేవి 5. అవి ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్న త్రికోణాలు తేలాలి. చుట్టూ 8 దళాలు, 16 దళాలు, బయట భూపురం అనే చతురస్రం. 43 రాకపోతే గీత ఎక్కడో తప్పింది.

కథాకాలం 2024 జులై 1 తర్వాతైతే ఎఫ్ఐఆర్‌లో హత్యకు పాత ఐపీసీ 302 రాయకండి. భారతీయ న్యాయ సంహితలో అది 103. శవపంచనామాకు పాత సీఆర్‌పీసీ 174 బదులు నాగరిక్ సురక్షా సంహిత 194. నేరం ఆ తేదీకి ముందే జరిగి ఉంటే హత్య కేసు పాత 302 కిందే నడుస్తుంది.