ఎరుపు మీద నీలం పడితే నలుపు

ఆదివారం పొద్దున్నే మా పెద్దమ్మ ఇనుప మూకుడు తీసిందంటే ఆ రోజు గారెలు కాదు, తెల్లజుట్టుకు గోరింటాకు అని అర్థం. ముందురోజు రాత్రి టీ డికాక్షన్‌లో కలిపి మూకుట్లో ఉంచిన పొడి, తెల్లారేసరికి పైన కాఫీ రంగుకు తిరిగి ఉండేది. గరిటెతో కదిపితే లోపల ఇంకా పచ్చగానే ఉండేది. "పైన నల్లబడిందంటే ఇక పండుతుంది" అనేది. పెద్దమ్మ రసాయన శాస్త్రం చదవలేదు గానీ ఆ గుర్తు సరైనదే.

గోరింటాకులో రంగు సిద్ధంగా ఉండదు. దానికి మూలమైన పదార్థం ఆకులో చక్కెర అణువుతో ముడిపడి, ఏ రంగూ లేకుండా పడి ఉంటుంది. ఆకు నలిగి, నీళ్లు, కాస్త పులుపు తగిలితే ఆ ముడి వీడుతుంది. విడివడిన భాగం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లాసోన్ అవుతుంది. చేతిని పండించేది ఇదే. ఆషాఢంలో పచ్చి ఆకు రుబ్బేటప్పుడు చింతపండు వేయడంలో ఉన్న కిటుకు ఆ పులుపే. మంచి ఎండుటాకులో కూడా లాసోన్ నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. స్కాట్లండ్ వైద్యుడు ఐజాక్ లాసన్ పేరు మీద స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కకు లాసోనియా అని పేరు పెట్టాడు. ఆ మొక్క పేరే రంగుకూ వచ్చింది. మన దుకాణాల్లో దొరికే పొడిలో చాలా భాగం రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతం నుంచి వస్తుంది. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇంతకీ ఈ రంగు వెంట్రుకను ఎలా పట్టుకుంటుంది? వెంట్రుక పైభాగం పెంకుటింటి కప్పులా ఉంటుంది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి కింద కెరాటిన్ అనే ప్రొటీన్ పోగులు, వాటి మధ్య జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ రేణువులు ఉంటాయి. తల నెరవడమంటే కుదురులోని కణాలు ఆ మెలనిన్ అందించడం మానేయడమే. లాసోన్ చిన్న అణువు. పొలుసుల సందుల్లోంచి దూరి కెరాటిన్‌తో రసాయన బంధం వేసుకుంటుంది. అందుకే తలంటుకున్నంత మాత్రాన పోదు. అరచేయి ఎర్రగా పండి, చేతి వెనక వైపు వెలవెలబోవడానికీ కారణం కెరాటినే. అరచేతి మీద ఆ పొర మందం.

బీట్‌రూట్ రసం, మందార పువ్వుల ముద్ద రాసుకుంటే జుట్టు ఎర్రబడుతుందని చెబుతుంటారు. వాటి రంగు నీళ్లలో కరిగేదే గానీ వెంట్రుకను గట్టిగా పట్టుకునేది కాదు. ఒకటి రెండు స్నానాలతో పోతుంది. మందారం జుట్టును మెత్తబరుస్తుంది, అంతవరకే.

గోరింటాకుతో చిక్కల్లా దాని రంగు నారింజ ఎరుపు కావడం. మెలనిన్‌ను అది తీసేయదు, ఉన్నదాని మీద పల్చటి ఎర్ర తెర కప్పుతుంది. నల్ల వెంట్రుక మీద ఎండలో తప్ప కనిపించదు. తెల్ల వెంట్రుక మీద మాత్రం నిప్పులా కనిపిస్తుంది. ఎన్నిసార్లు పెట్టినా ముదురు ఎరుపవుతుందే గానీ, ఒంటరి గోరింటాకు ఏనాడూ నలుపు ఇవ్వదు.

నలుపు కావాలంటే దానికి జోడీ కావాలి. ఆ జోడీ నీలి ఆకు. బీహార్‌లోని చంపారన్ రైతుల చేత తెల్లదొరలు బలవంతంగా పండించిన పంట, 1917లో గాంధీజీని అక్కడికి రప్పించిన పంట ఇదే. మన కడప ప్రాంతంలోనూ ఒకప్పుడు ఈ ఆకు నుంచి తీసే నీలిమందు విరివిగా తయారయ్యేది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలాన్ని అమ్మకానికి తెచ్చాక ఆ సాగు క్రమంగా చితికిపోయింది. ఇప్పుడు తలకు వాడేది ఆ నీలిమందు ముద్ద కాదు, ఎండబెట్టి పొడి చేసిన ఆకు. ఈ తేడా చాలా ముఖ్యం.

ఎందుకంటే తయారైపోయిన నీలం నీళ్లలో కరగదు, వెంట్రుకలోకి దూరదు. ఆకులో ఉండే ఇండికన్ అలా కాదు. దానికి రంగు లేదు, నీళ్లలో కరుగుతుంది. పొడి తడవగానే ఆకులోని ఎంజైము ఇండికన్‌ను విడగొట్టి ఇండాక్సిల్‌గా మారుస్తుంది. ఈ ఇండాక్సిల్ అణువులు రెండేసి గాలి తగిలి జతకడితే నీలం పుడుతుంది. ఆ జతకట్టడం వెంట్రుక లోపల జరగాలి. అప్పుడు పెద్దదైన అణువు బయటికి రాలేక లోపలే చిక్కుకుపోతుంది. గిన్నెలోనే జరిగిపోతే ఆ పొడి దండగ. కాబట్టి గోరింటాకును గంటల తరబడి నాననివ్వాలి. నీలి ఆకును మాత్రం కలిపిన పది పదిహేను నిమిషాల్లో తలకు పట్టించాలి. రెంటినీ కలిపి రాత్రంతా నానబెట్టి, "ఏం ఉపయోగం లేదు" అని విసుక్కునేవాళ్లు చేసే పొరపాటు ఇదే.

దువ్వెనలో చిక్కిన తెల్లవెంట్రుకలను పోగేసి మూడు చిన్న కుచ్చులుగా దారంతో కట్టి ఒకసారి పరీక్షించాను. గోరింటాకులో ముంచింది రాగి రంగుకు తిరిగింది. నీలి ఆకు ఒక్కటే పెట్టింది బూడిద నీలంలో, కాస్త ఆకుపచ్చ ఛాయతో వచ్చింది. చూడటానికి ఏమీ బాగాలేదు. ముందు గోరింటాకు పెట్టి, కడిగి, తర్వాత నీలి ఆకు పెట్టిన మూడో కుచ్చు మాత్రం ముదురు గోధుమ నలుపు. నారింజ రంగు మింగగా మిగిలిన వెలుతురును నీలం మింగేసింది. ఇక కంటికి చేరడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మరి పెద్దమ్మ ఇనుప మూకుడు సంగతి? టీలోనూ, ఉసిరికాయలోనూ, కరక్కాయలోనూ టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. వాటికి ఇనుము, గాలి తోడైతే నల్లని పదార్థం ఏర్పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేది ఈ పద్ధతిలోనే. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవంతో గీస్తే గీత నల్లబడుతుంది. పాతకాలపు రాత సిరా కూడా ఇలాంటిదే. జుట్టు మీద ఈ నలుపు అంత గట్టిగా నిలవదు. ఎరుపును కొంచెం చల్లబరుస్తుందంతే. పెద్దమ్మ మాత్రం ఈ మాట ఒప్పుకోదు.

గుంటగలగరాకు నలిపితే వేళ్లు నల్లబడతాయి. ఆ ఆకు రసం కూడా గాలికి నల్లబడేదే. అయితే నూనెలో కాచి రాసుకుంటే తెల్లవెంట్రుక తిరిగి నల్లగా మొలుస్తుందన్నది నమ్మకమే. బయటికి వచ్చిన వెంట్రుక జీవం లేని పోగు. దాని మీద రంగు వేయగలం గానీ, లోపల మెలనిన్ పుట్టించలేం.

అసలు భయపడవలసింది పది నిమిషాల్లో నల్లగా పండే "నల్ల గోరింటాకు" పొట్లాలకు. అంత త్వరగా నలుపు ఇచ్చే ఆకు లేదు. వాటిలో సాధారణంగా పారాఫినైలిన్‌డయమైన్ అనే రసాయనం ఉంటుంది. పొట్లం మీద ఆకుల బొమ్మ పెద్దగా, ఈ పేరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది పడనివారికి మాడు దురద పెట్టి, కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాస్తుంది. ఏ రంగైనా చెవి వెనక చుక్క రాసి 48 గంటలు ఆగి చూడటం మంచిది. శుద్ధమైన గోరింటాకు కూడా అందరికీ సరిపడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు పూస్తే లాసోన్ చర్మంలోంచి ఇంకి ఎర్ర రక్తకణాలను పగలగొట్టగలదు.

నీలి ఆకు మొదటిసారి పెట్టుకున్నవారు కడిగిన వెంటనే అద్దం చూసి హడలిపోతారు. జుట్టులో పచ్చని ఛాయ కొడుతుంది. కంగారుపడి షాంపూతో తోమేస్తే ఉన్న రంగూ పోతుంది. లోపల ఇండాక్సిల్ ఇంకా జత కడుతూనే ఉంటుంది. ఉత్త నీళ్లతో కడిగి వదిలేయండి, ఒకటి రెండు రోజుల్లో నలుపు తేలుతుంది.