జైలు నుంచి పసిపిల్లల వైద్యానికి

1853లో న్యూయార్క్ చేరిన జర్మన్ వలసదారుల్లో ఇరవై మూడేళ్ల వైద్యుడు అబ్రహాం జాకోబి ఒకడు. వెస్ట్‌ఫాలియాలోని హార్టుమ్ అనే పల్లెలో పేద యూదు కుటుంబంలో పుట్టి, 1851లో బాన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పుచ్చుకున్న అతణ్ణి, జర్మన్ రాజ్యాల్లో రాజుల పాలనపై రేగిన 1848 విప్లవానికి మద్దతిచ్చిన పాపానికి, వాటిలో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం పట్టా చేతికొచ్చిన ఏడే అరెస్టు చేసింది. కొలోన్‌లో జరిగిన కమ్యూనిస్టుల విచారణలో రాజద్రోహం రుజువు కాకపోయినా, రాజును అవమానించాడన్న మరో నేరం మోపి మళ్లీ జైల్లో పెట్టారు. అక్కడి నుంచి బయటపడి ఇంగ్లండు చేరి, లండన్‌లో మార్క్స్‌నీ, మాంచెస్టర్‌లో ఎంగెల్స్‌నీ కలుసుకుని, చివరికి అమెరికా ఓడ ఎక్కాడు.

న్యూయార్క్‌లో అతను గది అద్దెకు తీసుకున్న హోవర్డ్ వీధి, జర్మన్ కూలీలూ చేతిపనివారూ కిక్కిరిసి బతికే పేటకు దగ్గర్లో ఉండేది. గదికి వచ్చి చూపించుకుంటే 25 సెంట్లు, ఇంటికి వెళ్లి చూస్తే 50 సెంట్లు అతని ఫీజు. ఆ ఇరుకు ఇళ్లలో అతనికి ఎక్కువగా ఎదురైనవాళ్లు విరేచనాలతో వాడిపోయిన పసివాళ్లే. ఎండాకాలం వస్తే వాళ్ల మరణాలు మరీ పెరిగేవి. సారా బట్టీల్లో మిగిలిన పిప్పి తిని బతికే రోగిష్టి ఆవుల పాలు ఆ నగరంలో విచ్చలవిడిగా అమ్ముడవుతున్న రోజులవి. పాలను కాచి, బార్లీ గంజి కలిపి పట్టమనీ, మలబద్ధకం ఉన్న బిడ్డకైతే బార్లీకి బదులు ఓట్స్ గంజి వాడమనీ జాకోబి చెప్పేవాడు. కాచని పాలు గడప దాటని మన ఇళ్లలో ఇది గొప్ప సలహాగా తోచకపోవచ్చు గానీ, క్రిములే రోగకారకాలని శాస్త్రం ఇంకా తేల్చుకోని కాలంలో ఆ మాట పట్టుకుని నిలబడటం చిన్న సంగతి కాదు.

1860లో న్యూయార్క్ మెడికల్ కాలేజీ అతణ్ణి శిశురోగాల ఆచార్యునిగా నియమించింది. అమెరికాలో అలాంటి పదవి అదే మొదటిది. బిడ్డ అంటే కురచ చేసిన పెద్దమనిషి కాదనీ, మందు మోతాదు తగ్గించినంత మాత్రాన అది శిశువైద్యం అయిపోదనీ అతని వాదన. అనాథ శిశువులను గుంపుగా ఒకేచోట ఉంచితే చనిపోతున్నారనీ, పల్లెల్లోని కుటుంబాలకు అప్పగించి పెంచాలనీ పట్టుబట్టి, ఒక ఆస్పత్రి పెద్దలతో తగవు తెచ్చుకున్నాడు కూడా. నా దృష్టిలో అతని ఆచార్య పదవి కన్నా ఈ తగవే అతణ్ణి బాగా పట్టిస్తుంది. ఒకప్పుడు తనను ఖైదు చేసిన ప్రష్యా రాజధాని బెర్లిన్ నుంచే తర్వాతి కాలంలో ఆచార్య పదవికి పిలుపు వస్తే, వెళ్లకుండా న్యూయార్క్‌లోనే ఉండిపోయాడు.

మన టీకాల పట్టికలో కంఠసర్పిగా కనిపించే డిఫ్తీరియాపై అతను 1880లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఈ జబ్బులో గొంతులో బూడిదరంగు పొర ఏర్పడి ఊపిరాడనివ్వదు. క్రిమి విడిచే విషం రక్తంలో కలిసి గుండెనూ నరాలనూ దెబ్బతీస్తుంది. 1883లో అదే జబ్బు అతని ఏడేళ్ల కొడుకు ఎర్న్‌స్ట్‌కు సోకింది. తల్లి మేరీ పట్నమ్ కూడా పేరున్న వైద్యురాలే. అయినా బిడ్డ దక్కలేదు. విషానికి విరుగుడైన సీరం న్యూయార్క్ పిల్లలకు అందేసరికి 1895 వచ్చింది. బతికి ఉంటే ఎర్న్‌స్ట్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు ఉండేవి.