ఎగిరే పడవల తుపాకులు: అపోహలు – వాస్తవాలు

నేవీలో గస్తీ విమానాలకు డెప్త్ ఛార్జీలు (జలాంతర్గాములపై వేసే, నీటిలో నిర్ణీత లోతున పేలే బాంబులు) ఎక్కించడమే నా పని. రిటైరయ్యాక కూడా కుర్రాళ్లు రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫ్లయింగ్ బోట్ల, అంటే పడవలా నీటి మీద దిగి లేచే విమానాల ఫొటోలు పట్టుకొచ్చి ఏదో ఒకటి అడుగుతుంటారు.

అపోహ: ఒంటినిండా తుపాకులున్నాయి కాబట్టి అవి పోరాటానికే.

వాస్తవం: అమెరికా తయారీ ఫ్లయింగ్ బోట్ కాటలినా గస్తీ వేగం గంటకు 200 కిలోమీటర్లు. ఫైటర్ కంటపడితే తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. నడుముకు రెండు పక్కలా గాజు బుడగల్లో ఉండే మెషిన్‌గన్లు కాసేపు ప్రాణం కాపాడుకోవడానికే. దాని అసలు ఆయుధం రేడియో. 1942 ఏప్రిల్ 4న సిలోన్‌లోని కొగ్గల నుంచి లేచిన కెనడా పైలట్ లెనార్డ్ బర్చాల్ కాటలినా జపాన్ నౌకాదళాన్ని చూసింది. సందేశం పంపుతుండగానే జపాన్ జీరో ఫైటర్లు కూల్చేశాయి. 9 మందిలో ముగ్గురు పోయారు, మిగతా ఆరుగురు బందీలయ్యారు. కబురు మాత్రం కొలంబో చేరింది. ఆ దండయాత్రలోనే జపాన్ మరో దళం ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది.

తుపాకులు గెలిపించిన రోజూ ఉంది. 1943 జూన్ 2న ఫ్రాన్స్ పక్కనున్న బిస్కే అఖాతంపై ఒంటరి బ్రిటన్ తయారీ ఫ్లయింగ్ బోట్ సండర్లాండ్‌ను 8 జర్మన్ జంకర్స్ 88 యుద్ధవిమానాలు చుట్టుముట్టాయి. ఒకరిని పోగొట్టుకున్నా, అది ఇంగ్లండ్ తీరం చేరింది. అలాంటివి అరుదు.

అపోహ: పైనుంచి గురిచూసి బాంబు వేస్తే జలాంతర్గామి మునిగేది.

వాస్తవం: పైనుంచి కాదు, నీటికి 50 అడుగుల ఎత్తులోకి దిగి డెప్త్ ఛార్జీలను వరసగా వదలాలి. మొదట్లో 100 అడుగుల లోతున పేలేలా పెట్టేవారు. ఈలోగా విమానాన్ని చూసి మునగబోతున్న జలాంతర్గామి ఇంకా పైనే ఉండేది, పేలుడేమో కింద! లెక్కలు వేసి లోతును 25 అడుగులకు తగ్గించాక ఫలితాలు మారాయి. సండర్లాండ్‌లో నాకు ముచ్చటేసేది ఒకటుంది: డెప్త్ ఛార్జీలు కడుపులోనే ఉండేవి, దాడికి ముందు పక్క తలుపులు తెరిచి పట్టాల మీద రెక్కల కిందకు జరిపేవారు. వాన, ఉప్పుగాలి తగలకుండా లోపలే సర్దుకోవచ్చంటే మా పనివాళ్లకు అదృష్టమే.

అపోహ: పడవే కదా, సముద్రంలో ఎక్కడైనా దిగుతుంది.

వాస్తవం: అల పెద్దదైతే అడుగురేకుల రివెట్లు ఊడిపోతాయి. అందుకే ప్రశాంతమైన నీళ్లు వెతుక్కునేవారు. మద్రాసు దగ్గర కాటలినాల స్థావరం రెడ్‌హిల్స్ చెరువులో ఉండేది. 1945 ఆగస్టు 2న అమెరికా పైలట్ ఏడ్రియన్ మార్క్స్ ఆదేశాలు కాదని, అమెరికా యుద్ధనౌక ఇండియానాపోలిస్ మునిగి నీళ్లలో తేలుతున్న నావికుల కోసం పసిఫిక్ అలల్లోనే కాటలినాను దించాడు. 56 మందిని ఎక్కించుకున్నాడు. లోపల చోటు చాలక కొందరిని పారాషూట్ తాళ్లతో రెక్కల మీదే కట్టేశారు. వాళ్లను నౌక ఎక్కించారు కానీ ఆ విమానం మళ్లీ ఎగరలేదు. చివరికి అమెరికా నౌకే దాన్ని కాల్చి ముంచేసింది.