పాత కారు పెట్రోల్ లీకు: ట్యాంకు విప్పే ముందు ఇది చదవండి

"ట్యాంకుకు చిల్లు పడినట్టుంది, వెల్డింగ్ పెట్టించాలి." నెల్లూరు ఆటోనగర్‌లోని మా షెడ్డుకు అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో తెచ్చేవాళ్లలో చాలామంది నోట వచ్చే మొదటి మాట ఇది. తీర్పు వాళ్లే ఇచ్చేసి, శిక్ష అమలు చేయడానికి మాత్రం నా దగ్గరికి వస్తారు. నేను వెంటనే ట్యాంకు వైపు చూడను. "బంకులో పెట్రోల్ కొట్టేటప్పుడు గన్ను మాటిమాటికీ టక్కున ఆగిపోతోందా?" అని అడుగుతాను. "ఆగుతోంది. కానీ అది బంకువాళ్ల గొడవ కదా, దానికీ దీనికీ సంబంధం ఏమిటి?" అంటారు.

సంబంధం ఉంది. పాత కార్లలో ఈ రెండూ చాలాసార్లు ఒకే రోగానికి రెండు లక్షణాలు. ఆ సంగతి తెలియక జనం బంకు మారుస్తారు, కారులోని పెట్రోల్ పంపు మారుస్తారు, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ మారుస్తారు, చివరికి బాగున్న ట్యాంకును పాడుచేసుకుంటారు.

గన్ను ఎందుకు ఆగుతుందో ముందు చూద్దాం. దాని మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పారుతున్నంతసేపూ గన్ను ఆ రంధ్రంలోంచి గాలి పీల్చుకుంటూ ఉంటుంది. పెట్రోల్ ఎగదన్ని రంధ్రాన్ని మూసేస్తే గాలి అందదు, లోపల డయాఫ్రమ్ అనే పలచటి పొర కదులుతుంది, మీట జారిపోతుంది. ట్యాంకు నిండిందో లేదో గన్నుకు తెలియదు. తన మూతికి పెట్రోల్ తగిలిందా లేదా అన్నదొక్కటే దానికి లెక్క. ఇందులో బంకు కుర్రవాడి చేతివాటం ఏమీ లేదు. కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకు ఉంది, అడగండి. గన్ను ఆగినందుకు మాత్రం ఆ కుర్రవాణ్ణి తిట్టకండి.

మరి సగం కూడా నిండని ట్యాంకులో పెట్రోల్ ఎందుకు ఎగదన్నుతుంది? సన్నమూతి బిందెను చెరువులో ముంచితే బుడబుడమని గాలి బయటికి తన్నుకొస్తూ ఉంటుంది కదా, ఇదీ అంతే. లీటరు పెట్రోల్ లోపలికి పోవాలంటే లీటరు గాలి బయటికి రావాలి. ఆ గాలి కోసమే ట్యాంకు పైభాగం నుంచి మూత దగ్గరికి సన్నటి బ్రీదర్ పైపు ఉంటుంది. అది మూసుకుపోతే గాలి, పెట్రోల్ పోసే గొట్టంలోంచే ఎదురు వస్తుంది, పెట్రోల్‌ను గన్ను మూతి మీదికి చిమ్ముతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబెట్టిన కార్లలో ఈ పైపు మూతిలో కందిరీగలు మట్టిగూడు పెట్టడం మామూలే. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి నిలిచిన బండ్లయితే తుప్పు పొరలు రాలి అడ్డుపడతాయి. ఎక్కువగా జరిగేది మాత్రం రబ్బరు చేసే అన్యాయం. బ్రీదర్ పైపును, పెట్రోల్ పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపేది రబ్బరు ఓసు (మెత్తటి గొట్టం) ముక్కలే. ముప్పై నలభై ఏళ్లకు అవి గట్టిపడతాయి, లోపల పొరలు ఊడతాయి, వంపు దగ్గర మడతపడతాయి. మడతపడిన చోట దారి ఇరుకై గన్ను ఆగుతుంది. అదే మడత పగిలితే పెట్రోల్ కారుతుంది.

అందుకే లీకు కనిపెట్టడానికి ట్యాంకు విప్పనక్కర్లేదు. ముందు ట్యాంకు అడుగంతా తుడిచి ఆరబెట్టండి. అయిదు లీటర్లు పోసి, కింద అట్టముక్క పరిచి, రాత్రంతా వదిలేయండి. గాలి ఆడే చోట మాత్రమే. వంటింటి గోడ పక్కన, దీపం దగ్గర కాదు. తడి లేకపోతే ఇంకొంచెం పోయండి, మళ్లీ ఆగండి. ఏ మట్టం దగ్గర తడి మొదలైందో అదే జవాబు. ఫుల్ ట్యాంకులోనే కారితే దోషం పైన ఉన్నట్టు: పోసే గొట్టం ఓసు, బ్రీదర్ ఓసు, లేదా పెట్రోల్ మట్టం చూపే గేజు ఫ్లోటు బిగించిన చోట వేసిన ప్యాకింగ్. అయిదు లీటర్లకే కారితే అడుగున డ్రైన్ బోల్టు వాషరు, పైపును ట్యాంకుకు బిగించే యూనియన్, కింది అతుకు చూడాలి. ఇంజను నడుస్తున్నప్పుడే కారితే అది ట్యాంకు సంగతే కాదు; పంపు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న పైపు, లేదా కార్బురేటర్‌లో పెట్రోల్ రాకను ఆపే సూది (ఫ్లోటు నీడిల్) సరిగా ఆనకపోవడం. ట్యాంకుకూ పంపుకూ మధ్య పైపు మరీ మాయదారిది. ఇంజను నడిచేటప్పుడు అందులో పీల్చుడు ఉంటుంది కాబట్టి, చిన్న పగులు ఉంటే చుక్క బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. బండి దగ్గుతుంది, నింద కార్బురేటర్ మోస్తుంది.

ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తన అంబాసిడర్‌ను హైవే మీద మెల్లగా నడుపుకుంటూ వచ్చారు. డిక్కీలో వాసన, మనవలు కారు ఎక్కం అంటున్నారు. పక్కింటాయన "ఎండాకాలం, ఎప్పుడైనా పేలుతుంది" అని చెప్పిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదట. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందని ఎవరో చెబితే రేపో మాపో వెళ్లబోతున్నారు. "నాయనా, దీన్ని అమ్మేయమంటావా?" అని అడుగుతుంటే ఆయన గొంతు వణికింది. "అయ్యా, ఎంత పెట్రోల్ పోయిస్తున్నారు?" అన్నాను. భయంతో అయిదేసి లీటర్లే పోయిస్తున్నారట. అలా పోయించినప్పుడు వాసన రాదట, పెళ్లికని ఫుల్ చేయించినప్పుడే వచ్చిందట. సగం పని ఆ మాటతోనే అయిపోయింది. డిక్కీ పక్క అట్ట తీసి చూస్తే, పోసే గొట్టానికి ఎవరో రేడియేటర్ ఓసు ముక్క వేసి ఉన్నారు. ఉబ్బి, మెత్తబడి, వేలు పెడితే జిగురుగా అంటుకుంటోంది.

ఇక్కడ ఆగి చెప్పాలి. రేడియేటర్ ఓసు సైజు సరిపోతుంది కాబట్టి వేసేస్తారు. అది నీళ్లకు, వేడికి తట్టుకునే రబ్బరు. పెట్రోల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ట్యూబు ముక్క, నీళ్ల పైపు, తెల్ల ప్లాస్టిక్ గొట్టం, అన్నీ అదే జాతి. పెట్రోల్‌కు, అందులో కలిపే ఇథనాల్‌కు పనికొస్తుందని రాసి ఉన్న ఓసే కొనండి. మంచి క్లిప్పులు వేయండి, తీగ చుట్టకండి. మాస్టారి బండికి చేసింది ఇంతే: ఓసులు, క్లిప్పులు, బ్రీదర్ పైపు ఊడదీసి శుభ్రం చేయడం. గన్ను కూడా ఆగడం మానేసింది.

ఇక వెల్డింగ్. ఇది చెప్పేటప్పుడు నాకు ఓపిక ఉండదు. "ట్యాంకు ఖాళీ చేశాం, వారం రోజులు ఎండలో పెట్టాం, ఇక భయమేముంది?" అంటారు. భయమంతా ఖాళీ ట్యాంకులోనే ఉంది. మండేది ద్రవం కాదు, ఆవిరి. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో గాలికి చోటుంది, అతుకుల్లో, తుప్పు పొరల్లో దాక్కున్న పెట్రోల్ కూడా ఉంది. ఎండలో ఆరినట్టు కనిపించిన ట్యాంకుకు మంట తగలగానే ఆ దాక్కున్నదంతా ఆవిరవుతుంది. నీళ్లతో కడిగామంటే సరిపోదు. నిజంగా చిల్లే ఉంటే, ట్యాంకు కిందికి దించి, వేడినీళ్లు, చాకలి సోడాతో పదేపదే కడిగి, చిల్లు అంచు వరకు నీళ్లు నింపి, మంట దగ్గరికి రాకుండా వేరేచోట కాల్చిన ఇనుముతో సీసం అతికే అనుభవజ్ఞుడి దగ్గరికే తీసుకెళ్లండి. అడుగంతా జల్లెడైతే అతుకులు వద్దు, కొత్త ట్యాంకు చేయించండి. కారు మీదనే ఉంచి వెల్డింగ్ పెడతానన్న మనిషి ఎంత తక్కువ కూలి అడిగినా, తాళాలు తీసుకుని వచ్చేయండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

వేసవిలో ఫుల్ ట్యాంకు కొట్టిస్తే పేలుతుందన్న వాట్సాప్ మెసేజ్ ప్రతి ఏడూ రోహిణి కార్తెతో పాటే వస్తుంది. అబద్ధం, ఇండియన్ ఆయిల్ కూడా దీన్ని ఖండించింది. పాత కార్ల వాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. పెట్రోల్ డిగ్రీకి దాదాపు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. భూమిలోని ట్యాంకు నుంచి వచ్చిన 40 లీటర్లు ఎండలో 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైనే పెరుగుతుంది. మూతి దాకా నింపి ఎండలో నిలబెడితే అది ఎక్కడికి పోతుంది? కారుతుంది. గన్ను మొదటిసారి ఆగగానే చాలనండి, "ఇంకో యాభై రూపాయలది కొట్టు" అనకండి.

అంతా ఇథనాల్ వల్లేనా? కొంత నిజం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది పాత రబ్బరును, కార్కు ప్యాకింగులను త్వరగా తింటుంది, తేమను పీల్చుకుని నిలిచిన బండ్ల ట్యాంకులో తుప్పు పెంచుతుంది. దానికి బండి అమ్మక్కర్లేదు, రబ్బరు మార్చాలి.

సబ్బు రాస్తే లీకు ఆగుతుందా? ఆగుతుంది, ఇంటికి చేరేదాకా. అది మరమ్మతు కాదు.

మూత ఏదైనా ఒకటే అనుకోవడం పొరపాటు. కొన్ని పాత బండ్లకు గాలి మూతలోని రంధ్రం గుండానే లోపలికి వెళ్లాలి. తాళం ఉందని రంధ్రం లేని మూత వేస్తే కొంతదూరం పోయాక బండి ఆగుతుంది. మూత తీస్తే బుస్సుమంటుంది, మళ్లీ నడుస్తుంది. దానికి పంపు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

పాత కారన్నాక పెట్రోల్ వాసన సహజమేనట! కాదు. పాత మహీంద్రా జీపుల్లో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, వాటిలోనూ రాకూడదు.

చివరిది, నేల మీద చుక్క లేకపోతే లీకు లేనట్టే అనుకోవడం. అంబాసిడర్, పద్మినీల పెట్రోల్ పంపు ఇంజను క్యామ్ షాఫ్టుతో నడుస్తుంది. అందులోని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేల మీద కాక ఇంజను ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ కడ్డీ తీసి చూడండి. పోయకుండానే మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి, పెట్రోల్ వాసన కొడుతుంటే ఇంజను స్టార్ట్ చేయకండి, బండిని లాగించి తీసుకురండి. పంపు కిట్టు వేసి, పాత ఆయిల్ మొత్తం తీసేసి, కొత్తది పోశాకే తాళం తిప్పాలి.