ఎవరి జాగ్రత్త వాళ్లదేనా? మహమ్మారుల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరుగా పనిచేస్తున్నాను. మా విభాగం పేరు చెబితే "అంటే ఏ జబ్బుకి చూస్తారు?" అని అడుగుతారు. ఊరికి వచ్చే జబ్బులు చూస్తాం అంటాను. కోవిడ్ సద్దుమణిగి ఇన్నేళ్లయినా ఓపీలో, పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఇప్పటికీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎవరి జాగ్రత్త వాళ్లు తీసుకుంటే చాలు.

బీపీకైతే ఈ మాట సరిపోతుంది. నేను ఉప్పు తగ్గించకపోతే నా బీపీ పెరుగుతుంది, పక్కింటాయనది పెరగదు. అంటువ్యాధి లెక్క వేరు. కోవిడ్ సోకినవాళ్లు లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటించగలరు. కొందరికి లక్షణాలే ఉండవు. తనకు జబ్బుందని తెలియని మనిషిని జాగ్రత్తగా ఉండమంటే ఏం ఉంటాడు?

ఒక్కొక్కరు ఇద్దరికి అంటిస్తూ పోతే పదో అంచెకి ఒక్క మనిషి నుంచే వెయ్యి మంది అవుతారు. అదే సగటున ఒకరికంటే తక్కువమందికి అంటితే వ్యాప్తి దానంతటదే చల్లారిపోతుంది. ఈ సగటును ఏ ఒక్కరూ తగ్గించలేరు. బస్సులో ఎంతమంది నిలబడ్డారు, క్లాసురూము కిటికీలు తెరుచుకుంటాయా, టెస్టు రిజల్టు మర్నాడే వచ్చిందా, నాలుగు రోజులు పట్టిందా అన్నవాటి మీద అది ఆధారపడుతుంది. మద్దిలపాలెంలో కిక్కిరిసిన బస్సెక్కి గాజువాక వెళ్లే మనిషి చేతులకు ఎంత శానిటైజర్ రుద్దుకున్నా, పక్కవాళ్లు వదిలిన గాలే పీల్చాలి.

అపోహ: జనానికి క్రమశిక్షణ లేదు, అందుకే అంత పాకింది.

ఈ మాట ఎక్కువగా మూడు పడగ్గదుల ఇళ్లవాళ్ల నోట వింటాను (ఏమనుకోకండి, మాదీ అలాంటి ఇల్లే). హోమ్ ఐసొలేషన్‌కి గాలి వచ్చే విడి గది కావాలి, చూసుకునే మనిషి ఒకరు కావాలి. మన కొండవాలు కాలనీల్లో చాలా ఇళ్లు ఒక్కటే గది. పొయ్యి పక్కనే మంచం, మంచం కింద నీళ్ల బిందెలు, కుళాయి వస్తే మెట్లు దిగి వీధిలోకి వెళ్లాలి. అందులో ఐదుగురుంటే ఎవరు ఎవరికి దూరంగా ఉంటారు?

జ్వరంతో ఓపీకి వచ్చిన పనమ్మాయికి పారాసిటమాల్ రాసి, ఐదు రోజులు పనికి వెళ్లొద్దంటే, చీటీ మడిచి పర్సులో పెట్టుకుంటూ "ఆ మాట మా మేడమ్‌గారికి మీరే ఫోన్ చేసి చెప్పరా డాక్టరమ్మా" అంటుంది. రెండు రోజులు కనబడకపోతే ఇంకో మనిషిని పెట్టేసుకుంటారని ఆమె భయం. వైరస్ సంగతి ఆమెకి బాగానే తెలుసు. ఆమెకి కావాల్సింది జీతం కోత లేని సెలవు, దానికి మనం అవగాహన సదస్సు పెడతాం.

అందరూ కలిసి ఆగితేనే ఫలితం, ఆగినవాళ్లకి ఆసరా ఉండాలి అన్నది మన ఊరికి తెలియని సంగతేమీ కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపితేనే మళ్లీ చేప ఉంటుందని మత్స్యకారులకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ పక్క బోటు వెళుతుంటే తానొక్కడే ఆగి ఏం లాభం? అందుకే అందరికీ ఒకే తేదీ, ఒకే నిబంధన పెట్టారు. పని లేని రోజులకి భృతి కూడా ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 20 వేల రూపాయలకి పెంచింది. అది చాలుతుందా అన్నది వేరే చర్చ. తేదీ, భృతి రెండూ తీసేసి "బాధ్యతగా మెలగండి" అని ఫ్లెక్సీ కడితే ఎన్ని బోట్లు ఆగుతాయో హార్బర్‌లో ఎవరినైనా అడిగి చూడండి.

అపోహ: డబ్బుంటే వైద్యం కొనుక్కోవచ్చు.

2021 ఏప్రిల్‌లో కోట్లున్నవాళ్లు కూడా ఒక్క బెడ్డు కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశారు. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఆ నెలలోనే మన స్టీల్ ప్లాంటు నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మహారాష్ట్రకి బయల్దేరింది. ఖాళీ ట్యాంకర్లు ముంబయి దగ్గర్లోని కలంబోలి నుంచి రైలు మీద ఇక్కడికి వచ్చాయి. ప్లాంటు కార్మికులు, రైల్వేవాళ్లు, ట్యాంకర్ డ్రైవర్లు, ఆసుపత్రిలో పైపులైను చూసే టెక్నీషియన్లు, ఇంతమంది చేతులు పడితేనే ఆక్సిజన్ రోగి ముక్కు దాకా చేరింది.

అపోహ: టీకా వేయించుకోవాలా వద్దా అన్నది నా సొంత విషయం.

తట్టు టీకా తొలి డోసు మన దేశంలో బిడ్డకి 9 నెలలు నిండాకే వేస్తారు. అప్పటిదాకా ఆ పసిబిడ్డకి చుట్టూ ఉన్న పిల్లల టీకాలే రక్ష. తట్టు పాకకుండా ఉండాలంటే వందలో దాదాపు 95 మందికి రక్షణ ఉండాలి. పోలియో సంగతి చూడండి. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. గుమ్మం దాకా వచ్చి చుక్కలు వేసి, తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టి వెళ్లిన ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల చలవ అది. ఎవరికి వాళ్లు వచ్చి వేయించుకుంటారులే అని ఆసుపత్రిలో కూర్చుని ఉంటే ఇప్పటికీ కేసులు చూస్తూ ఉండేవాళ్లం.

అపోహ: అందరూ కలిసి చేయడమంటే లాక్‌డౌన్లు, లాఠీలు.

ప్లేగు కోసం 1897లో తెచ్చిన చట్టాన్నే 2020లోనూ వాడారు. ఆ ప్లేగు రోజుల్లో పుణెలో ఇళ్లలోకి చొరబడి సోదాలు చేస్తే జనం రోగులను దాచేశారు. దాచిన రోగికి ఏ డాక్టరూ వైద్యం చేయలేడు. కోవిడ్‌లోనూ ఇక్కడ రోగి ఉన్నారంటూ ఇంటికి పోస్టరు అంటిస్తారన్న భయం ఉండేది. చివరికి సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ముంబయిలో కిక్కిరిసిన మురికివాడ ధారావిలో మాత్రం గల్లీల్లో జ్వరం క్యాంపులు పెట్టి, స్కూళ్లలో క్వారంటైన్ ఏర్పాటు చేసి, అక్కడే భోజనం పెట్టారు. అలా పెడితే మనుషులు వస్తారు.

ఇక చివరగా అందరూ అడిగేది, "అయితే నేను చేయాల్సిందేమీ లేదా డాక్టరుగారూ?" అని. ఎందుకు లేదు? జలుబు, దగ్గు ఉన్నప్పుడు మాస్కు పెట్టుకోండి. అది ఎదుటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. పిల్లల స్కూలుకి వెళ్లినప్పుడు ఏసీ క్లాసుల్లో కిటికీలు తెరుస్తున్నారో లేదో కనుక్కోండి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో వాచ్‌మన్‌కీ, పనివాళ్లకీ జ్వరమొస్తే జీతంతో సెలవని తీర్మానం రాయించండి. అన్ని ఫ్లాట్లవాళ్లూ సంతకం పెట్టేలా చూడండి, ఎందుకంటే మీ ఒక్క ఇంట్లో సెలవిస్తే పనమ్మాయి తను చేసే మిగతా మూడిళ్లకీ జ్వరంతోనే వెళుతుంది.