విదేశాల్లో మారణకాండ, ఇక్కడ చందాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సూడాన్‌లోని డార్ఫర్ గురించో, గాజా గురించో, మయన్మార్ రోహింగ్యాల గురించో వార్తలు చూసి నిద్రపట్టక, మనవంతుగా ఏదో ఒకటి చేయాలన్న తపనతో విజయనగరంలోని మా ఆఫీసుకు వచ్చేవాళ్లు ఈమధ్య పెరిగారు. న్యాయవాదిగా నా దగ్గరికి సాధారణంగా చెక్‌బౌన్స్ కేసులు, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు, పోలీసులు స్తంభింపజేసిన బ్యాంకు ఖాతాల తగాదాలు వస్తుంటాయి. పరాయి దేశపు పిల్లల కోసం ఆరాటపడిన మన పిల్లలు చివరికి ఈ మూడో రకం కక్షిదారులుగా మారుతుండటం వల్ల ఇది రాయవలసి వచ్చింది.

అపోహ: మంచి పనికి చందా ఎలా పోగుచేసినా, ఎలా పంపినా తప్పు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే, దీనికి మూలం మన మంచితనంలోనే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, వాట్సాప్ గ్రూపులో ఒకరి ఫోన్ నంబరు పెట్టి, వచ్చిన డబ్బుతో బియ్యం, టార్పాలిన్లు కొని, వ్యానులో తీసుకెళ్లి స్వయంగా పంచిపెట్టి వచ్చినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆ పద్ధతి అప్పుడు ఫలించింది, ఎందుకంటే డబ్బు ఇచ్చినవారు, సరుకు కొన్నవారు, పుచ్చుకున్నవారు ఒకరినొకరు అడిగి తెలుసుకోగలిగినంత దగ్గరలో ఉన్నారు. అదే పద్ధతిలో డార్ఫర్‌లోని అల్ ఫాషిర్ పట్టణానికి డబ్బు పంపుదామనుకుంటే, మధ్యలో ఎవరు ఉన్నారో తెలియని దారిలోకి దిగినట్లే.

గత ఏడాది మా ఊరి డిగ్రీ విద్యార్థులు కొందరు అలాగే దిగారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అపరిచితుడు పంపిన క్యూఆర్ కోడ్‌ను నమ్మి, తమలో ఒకరి ఖాతాలోకి చందాలు రప్పించి, వాటిని అతనికి పంపారు. ఆ క్యూఆర్ కోడ్ మన దేశంలోనే ఎవరిదో ఖాతా. అతను మాయమయ్యాడు. అది చాలదన్నట్లు, చందాగా వచ్చిన మొత్తాల్లో ఒకటి వేరే రాష్ట్రంలో జరిగిన సైబర్ మోసం తాలూకు సొమ్మని తేలడంతో అక్కడి పోలీసుల ఉత్తర్వు మీద ఇక్కడ కుర్రవాడి ఖాతా స్తంభించింది. అందులోనే ధాన్యం అమ్మిన డబ్బు ఉంది. వాళ్లమ్మ నా ఎదుట కూర్చుని, “మా గుంటడు ఏటి తప్పు సేసినాడు బాబూ?” అని అడిగింది. తప్పుడు ఉద్దేశం ఏమీ లేదని నాకూ తెలుసు, పోలీసులకూ తెలుసు. కానీ ఖాతా తెరిపించడానికి ఉద్దేశం ఒక్కటే సరిపోదు, ప్రతి జమకూ లెక్క చూపాలి, ఆ కుర్రవాడి దగ్గర లెక్క లేదు.

చట్టం సంగతి ఇదీ. ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం, 1999 ప్రకారం విదేశాల్లో ఉన్నవారికి డబ్బు చేరవేయడం రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులు, సంస్థల ద్వారానే జరగాలి. “ఇక్కడ నాకు ఇవ్వండి, అక్కడ మా బంధువు ఇస్తాడు” అనే హవాలా దారిలో పంపితే, పంపిన మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. ఆ అందుకున్నవారు నిషేధిత సంస్థకు చెందినవారని తేలితే ఉగ్రవాద కేసులకు వాడే ఉపా చట్టం వరకు కథ వెళ్తుంది. అధికారిక దారి లేదా అంటే ఉంది. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు పంపవచ్చు, అందులో విరాళాలూ చేరతాయి, పాన్ నంబరు, విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు అయిన ఫారం ఏ2 ఇవ్వాలి. అయితే ఆ ఫారంతో పాటు ఇచ్చే డిక్లరేషన్‌లో ఆ డబ్బు తన సొంతమని సంతకం చేయాలి. నలభై మంది దగ్గర పోగుచేసినవాడు ఆ సంతకం ఎలా చేస్తాడు? ఈ ఒక్క వాక్యాన్ని చదవకుండా బ్యాంకుకు వెళ్లి, మేనేజరు పంపనివ్వలేదని, దీనిలో ఏదో కుట్ర ఉందని ప్రచారం చేసేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

ఇక చట్టం చెప్పిన దగ్గరి బంధువులు కానివాళ్ల నుంచి ఒకే వ్యక్తి ఖాతాలోకి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే, దాటిన భాగం కాదు, మొత్తమంతా ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది. వసూలు చేసినవాడికి ఒక్క రూపాయి మిగలకపోయినా నోటీసు మాత్రం అతని పేరుమీదే వస్తుంది.

కనుక నేను చెప్పేది ఒక్కటే: వసూలు చేయకండి. ఎవరి డబ్బు వారే, ఎవరి ఖాతా నుంచి వారే, సంస్థకు నేరుగా చెల్లించాలి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, యునిసెఫ్ మన దేశంలోనే రూపాయల్లో విరాళాలు తీసుకుంటాయి కాబట్టి విదేశానికి పంపే బెడద కూడా లేదు. 2017లో మయన్మార్ సైన్యం దాడులతో 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకుముందూ ఆ తరువాతా ఇక్కడికి చేరిన వారిలో కొందరు హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలోనే ఉంటున్నారు. సాయానికి సముద్రం దాటవలసిన పని అన్నివేళలా ఉండదు. మోసపోయినవాళ్లు మాత్రం ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

అపోహ: విదేశానికి విరాళం పంపాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి.

అది విదేశాల నుంచి వచ్చే డబ్బుకు సంబంధించిన చట్టం, ఇక్కడి నుంచి వెళ్లేదానికి కాదు. దీన్ని ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

అపోహ: అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చేవరకు ఎవరూ ఏమీ చేయలేరు.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సుమారు 8,000 మంది బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను చంపింది 1995 జులైలో, ఆ న్యాయస్థానం దాన్ని జాతి నిర్మూలనగా నిర్ధారించింది 2007లో. అదే తీర్పులో, తీవ్రమైన ముప్పు ఉందని తెలిసిన క్షణం నుంచే నివారించే బాధ్యత జాతి నిర్మూలన నివారణ ఒప్పందంలో చేరిన ప్రతి దేశానికీ మొదలవుతుందని చెప్పింది. 1948 నాటి ఆ ఒప్పందాన్ని భారతదేశం 1959లో ఆమోదించింది కనుక ఈ బాధ్యత మన ప్రభుత్వానికీ ఉంది. అక్కడ దావా వేయగలిగేది దేశాలే, 2019లో మయన్మార్ మీద వేసిన గాంబియా లాంటివి. మామూలు మనిషికి ఉన్న దారి తన ప్రభుత్వాన్ని అడగడమే, అది చిన్న దారేమీ కాదు.

ఎలా అడగాలన్నదే చాలామందికి తెలియదు. శ్రీకాకుళం వాళ్లు తమ ఎంపీకి ఉత్తరం రాసి “పార్లమెంటులో ప్రశ్న వేయండి” అంటారు. ఆయన ఇప్పుడు కేంద్ర మంత్రి, మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు. ప్రశ్న కోసమైతే మన రాష్ట్రం నుంచి ఉన్న రాజ్యసభ సభ్యులకు రాయాలి, విజయనగరం వాళ్లు తమ ఎంపీకే రాయవచ్చు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి సమావేశాలు మొదలవడానికి ముందే ఉత్తరం చేరాలి. ఆవేశంతో నాలుగు పేజీలు రాయడం కన్నా, ఐక్యరాజ్యసమితిలో ఫలానా తీర్మానంపై మన దేశం ఎందుకు ఓటింగ్‌కు దూరంగా ఉంది అని ఒక్క ప్రశ్న అడగడం మేలు. సమాధానం లిఖితపూర్వకంగా వస్తుంది, విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో నిలిచి ఉంటుంది.

అపోహ: ఇలాంటి విషయాలు మాట్లాడితే పాస్‌పోర్టు పోతుంది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి వెల్డింగు, ఫిట్టింగు పనులకు విదేశాలకు వెళ్లేవాళ్ల తల్లిదండ్రులు ఈ భయంతోనే నా దగ్గరికి వస్తారు, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎంపీకి ఉత్తరం రాసినందుకు పాస్‌పోర్టు పోదు. కానీ పోలీసు యాక్టు 30 (ఊరేగింపులకు ముందే అనుమతి తీసుకోవాలనే నిబంధన) అమల్లో ఉన్నప్పుడు అనుమతి లేకుండా ర్యాలీ తీసి, కేసు నమోదై, అది కోర్టు దాకా వెళ్తే, అది తేలేవరకు పాస్‌పోర్టు దగ్గర ఇబ్బంది వస్తుంది. అనుమతి కోసం ముందుగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి.

వీడియోల గురించి ఒక్క మాట. పాత వీడియోలు కొత్తవన్నట్లు ఫార్వర్డ్ చేసేవాళ్ల సంగతి వదిలేద్దాం. అసలు సాక్ష్యం ఉన్నవాళ్లు మనలోనే ఉండవచ్చు: 2023లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు ఆపరేషన్ కావేరి ద్వారా వేలాది భారతీయులను వెనక్కి తెచ్చారు. అలా వచ్చినవారి ఫోన్లో తాము స్వయంగా తీసిన దృశ్యాలు ఉంటే వాటిని చెరిపేయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. వాట్సాప్‌లో పంపిన కాపీలో తీసిన తేదీ, స్థలం వంటి వివరాలు సాధారణంగా పోతాయి. అసలు ఫైలును అలాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఎక్కడ, ఎప్పుడు తీశారో కాగితం మీద రాసి తేదీతో సంతకం చేసి ఉంచాలి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో (ఇది పైన చెప్పిన న్యాయస్థానం కాదు, దేశాలను కాక నేరం చేసిన వ్యక్తులను విచారించేది) భారత్ సభ్యదేశం కాకపోయినా, అక్కడి ప్రాసిక్యూటరుకు సమాచారం పంపే హక్కు ఏ దేశపు మనిషికైనా ఉంది, డార్ఫర్ నేరాలపై ఆ కోర్టు దర్యాప్తు 2005లో మొదలై ఇంకా ముగియలేదు.