కంప్యూటర్ వానకు రాతి పరీక్ష

మన దేశం మొత్తానికీ కలిపి లెక్కగట్టిన వర్షపాత పట్టిక 1871 దగ్గర మొదలవుతుంది. క్లైమేట్ మోడళ్లు, అంటే వాతావరణాన్ని సూత్రాలతో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకు అప్పటినుంచి ఇప్పటిదాకా ఉన్న అంకెలన్నీ కంఠతా వచ్చినట్టే. మేఘం ఎలా కట్టాలో, చినుకు ఎప్పుడు రాలాలో చెప్పే సూత్రాలను సవరించేటప్పుడు ఫలితం ఆ అంకెలకు దగ్గరపడుతోందా అని చూసుకుంటూనే సవరిస్తారు. ఆ తర్వాత మోడల్ గత శతాబ్దపు వానను సరిగ్గా చూపిందంటే, ప్రశ్నపత్రం ముందే చూసిన పిల్లాడికి మంచి మార్కులు వచ్చినట్టు. 2100లో రుతుపవనాలు ఎలా ఉంటాయో అదే మోడల్ చెబుతోంది కాబట్టి, దానికి తెలియని ప్రశ్నపత్రం ఒకటి ఉండాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే బాగా తక్కువగా ఉన్న కాలమో, భూమి మీద ఎండ పడే తీరే వేరుగా ఉన్న కాలమో అయితే మంచిది. సున్నపురాయి గుహల్లో నేలమీద నిలబడ్డ స్టాలగ్మైట్లు అలాంటి కాలాల వానను దాచుకున్నాయి.

వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. మట్టి సందుల్లో ఆ వాయువు బయటి గాలికంటే పదుల రెట్లు ఎక్కువ. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుని గుహ కప్పుకు చేరుతుంది. అక్కడ వాయువు బొట్టులోంచి తప్పించుకుంటుంది, కరిగిన సున్నం కాల్సైట్‌గా పేరుకుంటుంది. బొర్రా గుహల్లో శివలింగంగా పూజలందుకునేదీ ఇలా పెరిగినదే. ఏడాదికి పెరుగుదల సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతు, అంతకు కొంచెం అటూ ఇటూ. అడుగు ఎత్తు రాయిలో మూడు వేల ఏళ్లు ఉండవచ్చు. కప్పునుంచి వేలాడే స్టాలక్టైట్‌ను పరిశోధకులు పెద్దగా ముట్టుకోరు. దాని పొరలు గొట్టం చుట్టూ చుట్టుకుని, వరుస తెలియకుండా పోతాయి. అడుగునుంచి కొనదాకా ఒకే లావుతో కొవ్వొత్తిలా లేచిన స్టాలగ్మైట్ అయితే శ్రేష్ఠం, ఎందుకంటే బొట్టు చోటు మార్చకుండా, వేగం పెద్దగా మారకుండా పడిందని అర్థం.

వయసు తేల్చడమే ఈ రాళ్ల బలం. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం కరగదు. అందుకని కొత్త పొరలో యురేనియం చేరుతుంది, థోరియం దాదాపు ఉండదు. కాలం గడిచేకొద్దీ యురేనియం-234 నుంచి థోరియం-230 పుడుతుంది. థోరియం-230 అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోయే కాలం, సుమారు 75,600 ఏళ్లు కాబట్టి ఈ గడియారం ఆరు లక్షల ఏళ్ల దాకా పనిచేస్తుంది. ఒక్కో తేదీకి పొర వెంబడి 50 నుంచి 200 మిల్లీగ్రాముల పొడి తీస్తారు. తప్పులు రెండు దారుల్లో వస్తాయి. వరదతోనో దుమ్ముతోనో వచ్చిన మట్టి పొరలో చిక్కుకుంటే దానితోపాటు పాత థోరియమూ వస్తుంది. థోరియం-232 ఎంత ఉందో కొలిచి దాన్ని తీసేయాలి, తీసేసే అంకెలోనే అనుమానం మిగులుతుంది. రెండోది, రాయి గుల్లబారి యురేనియం తర్వాతెప్పుడో కడుక్కుపోవడం. రెండు సందర్భాల్లోనూ రాయి అసలు వయసుకంటే ముసలిదిగా కనిపిస్తుంది. తేదీల వరుస తిరగబడితే, అంటే పై పొర కింది పొరకంటే పాతదిగా వస్తే, ఈ రెంటిలో ఒకటి జరిగినట్టే.

వాన కబురు ఆక్సిజన్‌లో ఉంటుంది. వెయ్యి ఆక్సిజన్ పరమాణువుల్లో ఇంచుమించు రెండు బరువైన ఆక్సిజన్-18. మేఘం నుంచి బరువైన నీరు ముందు రాలుతుంది కాబట్టి, దారి పొడవునా కురుస్తూ వచ్చిన ఆవిరి తేలికైపోతుంది. అందుకే మామూలుగా తేలికైన పొరను ఎక్కువ వానగా, బరువైన పొరను తక్కువ వానగా చదువుతారు. తేడాను ప్రమాణ నమూనాతో పోల్చి వెయ్యిలో వంతులుగా, పర్ మిల్‌లో చెబుతారు; తేలికయ్యేకొద్దీ అంకె కిందికి దిగుతుంది. రాయిని పెరుగుదల అక్షం వెంట వజ్రపు రంపంతో నిలువునా కోసి, నునుపు చేసి, అర మిల్లీమీటరు మొన ఉన్న డ్రిల్‌తో వరుసగా పొడి తీస్తారు. ఒక్కో కొలతకు 100 మైక్రోగ్రాములు చాలు. దాన్ని 70 డిగ్రీల దగ్గర ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను బరువునుబట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపుతారు. ముందు రంధ్రం పొడిని గాలి ఊది శుభ్రం చేయకపోతే పక్క పొర ఈ పొరలో కలుస్తుంది. పొర కాల్సైటా, లేక అదే సున్నపు మరో స్ఫటిక రూపమైన ఆరగొనైటా అన్నది ఎక్స్‌రేతో చూసుకోవాలి. ఆరగొనైట్ అదే నీటినుంచి పుట్టినా 0.6 నుంచి 1 పర్ మిల్ దాకా బరువుగా చూపిస్తుంది. ఇది పట్టించుకోకపోతే ఖనిజం మారిన చోట కరువు కనిపెట్టినట్టవుతుంది.

ఇంతవరకు ప్రయోగశాల పని. మోడల్‌తో పోల్చడం దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. రాతి అంకెను ముందు వాన మిల్లీమీటర్లుగా మార్చి, దాన్ని మోడల్ వానతో పోల్చడం పాత పద్ధతి. ఆ మార్పిడి సూత్రం ఇవాళ్టి వాతావరణం నుంచి తీసుకున్నది, ఇరవై వేల ఏళ్ల కిందట అదే సూత్రం పనిచేసిందనడానికి ఆధారం లేదు. సరైన పని దీనికి తిరగేసినది. మోడల్‌లోనే ఆక్సిజన్-18ను సముద్రం నుంచి మేఘానికి, మేఘం నుంచి చినుకుకు నడిపించి, చివరకు రాతి అంకెనే దాని చేత చెప్పించాలి. ఎకామ్‌-5 వైసో, ఐసీఈఎస్ఎం, ఐహాడ్‌సీఎం3 లాంటి మోడళ్లు ఈ పని చేస్తాయి.

లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. గుహలో 25 డిగ్రీలు, కాల్సైట్ విలువ మైనస్ 5.0 అనుకోండి. కాల్సైట్‌ను శిలాజపు గవ్వ ప్రమాణంతో కొలుస్తారు, నీటిని సముద్రజలం ప్రమాణంతో. అందుకని మొదట 1.03092తో గుణించి 30.92 కలపాలి. 25.8 వస్తుంది. ఈ మెట్టు మరిచిపోయి రెండు స్కేళ్లను నేరుగా తీసివేస్తే జవాబు 30 పర్ మిల్ పక్కకు పోతుంది. తర్వాత 16,100ను కెల్విన్ ఉష్ణోగ్రత 298.15తో భాగించి 24.6 తీసేస్తే 29.4 వస్తుంది. ఇది గుహల్లోనే కొలిచి కట్టిన సూత్రం, నీటికీ కాల్సైట్‌కూ మధ్య ఉండే ఎడాన్ని ఇస్తుంది. ఈ ఎడం లాగరిథమ్ రూపంలో ఉంటుంది కాబట్టి నేరుగా తీసివేయకుండా, దాన్ని నిష్పత్తిగా మార్చి లెక్కగడితే బొట్టు నీటి విలువ సుమారు మైనస్ 4.0. మోడల్ వాననీరు ఈ అంకెకు దగ్గరగా రావాలి.

ఇదే సూత్రంలో గుహను 22 డిగ్రీలకు దించండి. నీరు ఏమాత్రం మారకపోయినా కాల్సైట్ 0.55 పర్ మిల్ బరువెక్కుతుంది. 21,000 ఏళ్ల కిందటి హిమయుగంలో తేలికైన నీరు మంచుగా గడ్డకట్టి ఖండాలమీద నిలిచిపోయింది, సముద్రమట్టం 120 మీటర్లకు పైగా పడిపోయింది, మిగిలిన సముద్రం సుమారు 1 పర్ మిల్ బరువెక్కింది. అంటే రుతుపవనం ఒక్క చినుకు కూడా మారకుండానే రాతిలో ఒకటిన్నర పర్ మిల్ మార్పు వచ్చేస్తుంది. రాయి రెండున్నర మార్పు చూపిస్తే వానకు మిగిలేది ఒకటే. ఈ వాటాలు తీయకుండా 'హిమయుగంలో వానలు సగమయ్యాయి' అని రాసిన గ్రాఫులను అనుమానంగానే చూడాలి.

మోడల్ వైపు సర్దుబాట్లూ తక్కువేం కావు. పన్నెండు నెలల విలువలకు మామూలు సగటు తీస్తే తప్పు. ఏ నెలకు ఆ నెల వానతో తూచాలి, ఇంకా మేలైతే వానలోంచి ఆవిరైనది తీసేసిన మిగులుతో తూచాలి. మే నెల చిరుజల్లు గుహ దాకా దిగదు. తర్వాత ఎత్తు సంగతి. మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి లెక్కిస్తుంది, ఒక్కో గడి వంద నుంచి రెండొందల యాభై కిలోమీటర్ల పొడవూ వెడల్పూ. బొర్రా గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటే, అదే గడిలో విశాఖ తీరమూ కలిసి సగటు ఎత్తు ఎంతో కిందికి పోతుంది. వంద మీటర్లకు 0.28 పర్ మిల్ చొప్పున వాన తేలికవుతుంది కాబట్టి 400 మీటర్ల తేడా ఉంటే 1.1 సరిచేయాలి. ఇక రాతి పొరల్లో నీరు నెలలనుంచి దశాబ్దాల దాకా నిలిచి, పాతా కొత్తా కలుస్తాయి. మోడల్ ఏడాది ఏడాదికీ ఎగిరిపడే అంకెలనూ అలాగే కలపాలి, లేకపోతే నునుపైన రాతి గీత పక్కన అది పిచ్చిగీతలా కనిపిస్తుంది.

గుహ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. ఐదు ఖండాల్లోని 39 గుహల బొట్టు నీటిని వాననీటితో పోల్చిన అధ్యయనం 2019లో వచ్చింది. సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపు ఉన్నచోట బొట్టు ఏడాది వానను నమ్మకంగా మోసుకొస్తుంది. 10నుంచి 16 మధ్య అయితే భూమిలోకి ఇంకిన వాననే చూపిస్తుంది. 16 దాటితే ఒకే గుహలో ఒక బొట్టుకూ ఇంకో బొట్టుకూ పొంతన ఉండదు. తెలుగు నేల మీది గుహలన్నీ ఈ చివరి వర్గానివే. అందుకని ఇక్కడ ఒక్క రాయిమీద సిద్ధాంతం కట్టకూడదు. ఒకే పొర మధ్యనుంచి అంచుకు కొలుస్తూ పోయే హెండీ పరీక్ష 1971నుంచి వాడుకలో ఉంది, అంచుకు పోయేకొద్దీ బరువెక్కితే ఆవిరి ప్రభావం ఉన్నట్టు. కానీ వెంట్రుకంత పొరను పక్కకు అనుసరించడం గాలిలో దీపమే. ఒకే గుహలో రెండు రాళ్లు ఒకే మాట చెప్పాయా అన్నది అంతకంటే గట్టి పరీక్ష.

మన దక్షిణాదికి మరో చిక్కు ఉంది. నంద్యాల జిల్లా బెలూం గుహల ప్రాంతానికి నైరుతీ ఈశాన్యమూ రెండూ వానలిస్తాయి. అక్టోబరు, నవంబరు వాన, ముఖ్యంగా బంగాళాఖాతపు తుఫాను వాన, జులై వానకంటే తేలికైన ఆక్సిజన్ తెస్తుంది. రాతి విలువ కిందికి దిగితే వాన పెరిగిందా, లేక మొత్తం అంతే ఉండి తుఫానుల వాటా పెరిగిందా? రాయి చెప్పలేదు. ఐసోటోపులు, అంటే ఆక్సిజన్-18 లాంటి బరువు తేడా ఉన్న పరమాణు రకాలు నడిపే మోడల్ మాత్రం ఈ రెంటినీ వేర్వేరుగా నడిపి చూపించగలదు. పరీక్ష పెట్టేవాడే ఇక్కడ విద్యార్థి సాయం అడగాల్సి వస్తోంది.

చైనాలో జరిగింది ఇదే. నాన్‌జింగ్ దగ్గరి హులూ గుహ రాళ్లు 2001లో పేరుకెక్కాయి. ఉత్తర అట్లాంటిక్‌లో మంచుకొండలు తేలివచ్చిన ప్రతిసారీ ఆ రాళ్లలో ఆక్సిజన్ బరువెక్కింది. అక్కడ వానలు తగ్గాయనే అందరూ చదువుకున్నారు. 2011లో పౌసాటా అనే శాస్త్రవేత్త బృందం ఐసోటోపులున్న మోడల్‌లో అట్లాంటిక్‌ను చల్లబరిచి చూసింది. హిందూ మహాసముద్రం చల్లబడి, భారత ప్రాంతంలో వాన తగ్గి, దారిలో కురవకుండానే బరువుగా మిగిలిన ఆవిరి చైనాకు చేరింది. రాతి అంకె కుదిరింది, కానీ ఆ అంకెకు కారణం హులూ మీది వాన కాదు, మన వాన. మోడల్ వానను రాతితో కాక రాతి అంకెను రాతి అంకెతో పోల్చబట్టే ఈ తేడా బయటపడింది.

ఒక్కో రాయితో ప్రపంచ మోడల్‌ను పరీక్షించలేం కాబట్టి సీసల్ అనే ఉమ్మడి పట్టిక తయారైంది. 2024లో వచ్చిన మూడో కూర్పులో 365 గుహల సమాచారం ఉంది. దాని 2020 కూర్పులో వయసు గీతను ఏడు పద్ధతుల్లో వేసి ఇచ్చారు, ఎందుకంటే రెండు తేదీల మధ్య రాయి ఎంత వేగంగా పెరిగిందన్నది ఊహే. ఏ పద్ధతి వాడినా నిలబడే ఫలితాన్నే నమ్మాలి. మామూలుగా రెండు కిటికీలు తెరుస్తారు. ఒకటి 6,000 ఏళ్ల కిందట, అటూ ఇటూ 500. అప్పుడు ఉత్తరార్ధగోళపు వేసవి ఎండ సుమారు 5 శాతం ఎక్కువ. రెండోది 21,000 ఏళ్ల కిందట, అటూ ఇటూ 1,000. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 190 వంతులే. విలువలను నేరుగా కాక, ఇవాళ్టికీ అప్పటికీ మధ్య మార్పును పోల్చాలి. ఎత్తు, గుహ స్వభావం లాంటి స్థిరమైన తప్పులు తీసివేతలో కొట్టుకుపోతాయి. అయితే ఒకే గుహలో రెండు కాలాలూ పెరిగిన రాళ్లు అరుదు. పైగా బాగా ఎండిన కాలంలో బొట్టే పడదు, రాయి పెరగదు. పట్టికలో మిగిలేవి తడిచోట్లే, పరీక్ష అటువైపు మొగ్గుతుంది.

దగ్గరి కాలానికి వస్తే, గోదావరి పరీవాహకంలోని బస్తర్ అడవుల్లో దండక్ గుహ ఉంది. అక్కడి స్టాలగ్మైట్ నుంచి క్రీ.శ. 600నుంచి 1500 దాకా రుతుపవన చరిత్రను 2007లో ప్రకటించారు. 14, 15 శతాబ్దాల్లో దశాబ్దాల పాటు సాగిన బలహీన రుతుపవనాలు అందులో కనిపిస్తాయి. దక్కన్‌లో దుర్గాదేవి కరువుగా చరిత్రకెక్కిన 1396 తర్వాతి ఏళ్లు వాటిలోవే. 1871 తర్వాతి పట్టికలో అంత పొడుగు కరువు లేదు. కృష్ణా జలాల పంపకంలో బచావత్ ట్రిబ్యునల్ తీసిన 2,060 టీఎంసీల అంకె 1894నుంచి 1972 దాకా ఉన్న 78 ఏళ్ల ప్రవాహంమీద కట్టినది. అందులోనూ అలాంటి కరువు ఉండే వీల్లేదు.

మోడల్ ఆ కరువును 1396లోనే చూపించాలని అడగడం అన్యాయం. సముద్రమూ గాలీ తమలో తాము ఊగడం వల్ల వచ్చిన కరువైతే దాని తేదీ ఏ మోడల్‌కూ దొరకదు. అడగాల్సింది ఇంకొకటి. 850నుంచి 1850 దాకా మోడల్‌ను ఆరంభ స్థితి కొద్దిగా మారుస్తూ పదిసార్లు నడపాలి. వచ్చిన ఐసోటోపు వరుసలను రాతిలోలాగే కలిపి, రాతి తేదీల్లో ఉన్నంత తడబాటును వాటికీ కలపాలి. అప్పుడు ఇరవై ఏళ్లు దాటిన బలహీన రుతుపవనాలు వెయ్యేళ్లకు ఎన్నిసార్లు వచ్చాయో రెండు వైపులా లెక్కపెట్టాలి.